ఊడ్చి ఇచ్చిన ఇల్లు

కాలిఫోర్నియాలోని ట్రేసీలో మా పక్కింటాయన ఇల్లు అమ్ముతున్నారు. పెద్దమ్మాయి డాలస్‌లో ఉంది, మనవడు పుట్టాడు, ఇక్కడ ఇద్దరికీ నాలుగు పడగ్గదులెందుకని. అమ్మిపెడుతున్నది ఆయన బావమరిదే. ఇరవై ఏళ్లుగా ఈ శాన్ వాకీన్ లోయలో ఇళ్లు కొనిపించి, అమ్మించి బతుకుతున్న మనిషి. శనివారం పొద్దున కాగితాలు నింపుకుంటూ నన్ను కాఫీకి పిలిచారు. సంతకం పెట్టే సాక్షి కావాలేమో అనుకున్నాను. తీరా వెళ్లాక తెలిసింది, వాళ్లకి కావలసింది పోట్లాట వినే సాక్షి.

అమ్మకం ఒప్పందంలో ఒకచోట, ఇంటితోపాటు కొనేవాళ్లకి వెళ్లేవేమిటి, అమ్మేవాళ్లు పట్టుకెళ్లేవేమిటి అని రాయాలి. మామూలుగా అర నిమిషం పని.

బావమరిది: పూజగది తలుపులు?

బావ: అవి నావి. ఇవ్వడం లేదని రాయి.

బావమరిది: ఈసారి రాసి పట్టుకెళ్తున్నారు. సంతోషం.

బావ: ఈసారి అంటే ఏంట్రా?

ఏంటో నాకు తెలుసు. ఈ వీధిలో అందరికీ తెలుసు. లివర్‌మోర్ గుడి నుంచి వస్తూ ఆల్టమాంట్ కనుమ దిగగానే ఎడమచేతి వైపు కనిపించే మౌంటెన్ హౌస్‌లో ఆయనకొక ఇల్లుండేది. 2003లో మొదటి కుటుంబాలు దిగిన ఊరది. ఇవాళ సగం వీధుల్లో తెలుగే వినిపిస్తుంది, 2024 జులై 1న నగరం కూడా అయింది. కానీ 2008 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ ఆ ఊరి గురించి రాసినప్పుడు సంగతి వేరు. అక్కడి ఇళ్లవాళ్లలో దాదాపు 90 శాతం మందికి ఇంటి విలువ కన్నా అప్పే ఎక్కువ. సగటున 1,22,000 డాలర్ల మేర మునిగి ఉన్నారు. దేశంలో అంతగా మునిగిన ఊరు ఇంకొకటి లేదని ఆ వార్త. ఈయన 2005లో 6,20,000 పెట్టి కొన్నారు. 2009లో ఉద్యోగం పోయింది. 2010 మొదట్లో స్టాక్టన్ కోర్టు ముందు వేలం వేస్తే పాడేవాడు లేక బ్యాంకే పుచ్చుకుంది. ఇంట్లోంచి వెళ్లిపోతూ ఈయన ఏమేం తీసుకెళ్లారన్నదే గొడవ.

బావమరిది: ఆ ఇల్లు అమ్మిపెట్టమని బ్యాంకు నాకే పంపింది బావా. చుట్టరికం ఉందని చెప్పి వదులుకుంటే మా ఆఫీసులో ఇంకొకాయనకిచ్చారు. ఆయనతో ఒక్కసారి లోపలికెళ్లాను. కరెంటు లేదు, టార్చిలైటు వేసుకుని. వంటింట్లో గోడంతా పోపు మరకలు, మధ్యలో స్టవ్ ఆకారంలో తెల్లటి చదరం. సింకు లేదు, గొట్టాలు తెగ్గోసి ఉన్నాయి. ఫ్యాన్లున్న చోటల్లా కప్పులోంచి మూడేసి తీగలు వేలాడుతున్నాయి. మేడమీద బాత్రూములో కమోడ్ తీసేసి, ఆ రంధ్రంలో తువ్వాలు కుక్కారు. ఆ నీలం గళ్ల తువ్వాలు మా అక్కది. గుర్తుపట్టాను.

బావ: మురుగు వాసన రాకూడదని కుక్కాను. మర్యాద తెలిసినవాణ్ణి కాబట్టే. గ్యాసు గొట్టానికి మూత కూడా బిగించాను, అది చెప్పవేం?

బావమరిది: బిగించారు. ఒప్పుకుంటాను.

బావ: రాగి గొట్టాలూ, బయట ఏసీ యూనిట్టూ నేను తియ్యలేదు. అవి దొంగలెత్తుకెళ్లారు.

బావమరిది: వెనక తలుపు తాళం సెట్టు మీరు ఊడదీశాక. రాగి పౌను మూడు డాలర్ల పైన పలుకుతున్న రోజులు. గోడ కోసి మరీ లాక్కెళ్లారు.

బావ: బ్యాంకు కదా యజమాని! తాళం వేసుకోవాల్సింది వాళ్లు. నేను బయటికొచ్చి ఆరు వారాలైనా ఒక్కడూ గుమ్మం తొక్కలేదు.

ఇక్కడ బావగారు లోపలికెళ్లి ఒక ఫైలు తెచ్చారు. ఆయన దగ్గర అన్నిటికీ రసీదులుంటాయి. తండ్రిది తెనాలిలో దస్తావేజులు రాసే పని, ఆ రక్తం ఎక్కడికి పోతుంది? స్టవ్ 2006లో, ఫ్యాన్లు అదే ఏడాది దీపావళి సేల్‌లో, వాటర్ హీటరు 2008లో. అన్నీ ఆయన డబ్బుతో కొన్నవే. బల్లమీద పేకముక్కల్లా పరిచారు.

బావమరిది: రసీదు మీదే. బిగించాక వస్తువు ఇంటిది. కాలిఫోర్నియా సివిల్ కోడ్‌లో 660వ సెక్షన్, 1872 నాటిది. వేళ్లతో నేలని పట్టుకున్న చెట్టూ తీగా, నేలలో పాతుకున్న గోడా, సిమెంటుతోనో గిలాబాతోనో మేకులతోనో బోల్టులతోనో మరలతోనో శాశ్వతంగా బిగించినదీ, అన్నీ నేలలో భాగమే. మీరు తాకట్టు పెట్టింది నేలని. అందులో ఆ ఫ్యాన్లూ ఉన్నాయి.

బావ: మర బిగించింది నేను. విప్పిందీ నేను. మధ్యలో అది నేల ఎప్పుడైందిరా? మా నాన్న నోట ఎన్నిసార్లు విన్నానో. మన 1882 ఆస్తి బదిలీ చట్టంలో అద్దెకున్నవాడు కూడా, తను బిగించుకున్నవి పోయేటప్పుడు విప్పుకుపోవచ్చు, ఇల్లు ముందెలా ఉందో అలా అప్పజెప్తే చాలు. అద్దెవాడికున్న హక్కు, ఏళ్ల తరబడి కిస్తు కట్టినవాడికి లేదా?

బావమరిది: ఆ చట్టంలోనే 66వ సెక్షన్ ఉంది. తాకట్టు పెట్టి ఆ ఇంట్లోనే ఉంటున్నవాడు ఇంటిని పాడుపడనిస్తే పూచీ లేదు. తానుగా పాడుచేసి, అప్పుకి సరిపడా విలువ లేకుండా చేస్తే తప్పు. అదీ మీ నాన్నగారే చెప్పారు. స్పీకర్ ఫోనులో. నేనక్కడే ఉన్నాను.

బావగారు కాఫీ తాగారు. ఈ ముక్క నేను మొదటిసారి విన్నాను.

బావమరిది: ఇక్కడా అంతే. కొనడానికి తీసుకున్న అప్పు కాబట్టి, ఇల్లు పోయాక మిగిలిన బాకీకి బ్యాంకు మీ వెంట పడలేదు. 580బి సెక్షన్ మిమ్మల్ని కాపాడింది. కానీ 1975లో కార్నెలిసన్ వర్సెస్ కార్న్‌బ్లూత్ కేసులో ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. మార్కెట్ పడిపోయి, చేతిలో డబ్బాడక ఇంటిని చూసుకోలేకపోయినవాడికి ఆ రక్షణ ఉంటుంది. కావాలని చెరిచినవాడికి ఉండదు. దానిపైన పీనల్ కోడ్ 502.5 ఉంది. అప్పిచ్చినవాణ్ణి ముంచే ఉద్దేశంతో తాకట్టు ఇంటినుంచి ఊడబెరికితే దొంగతనమే. ఆ సెక్షన్‌లో జాబితా కూడా ఉంది. ఇల్లు, కొట్టం, గాలిమర, నీళ్ల ట్యాంకు, పంపు.

బావ: గాలిమరలు నేను ముట్టుకోలేదు. ఆల్టమాంట్ మీద ఎన్నున్నాయో అన్నీ ఉన్నాయి, వెళ్లి లెక్కపెట్టుకో.

నేను నవ్వాను. బావమరిది నవ్వలేదు.

బావ: ముంచే ఉద్దేశం అన్నావు చూడు, అక్కడ మాట్లాడు. 2009 మార్చిలో ప్రభుత్వం కిస్తులు తగ్గించే పథకం పెట్టింది. నేను మొదటి నెల్లోనే అర్జీ పెట్టాను. జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కష్టం వివరిస్తూ ఉత్తరం. 43 పేజీల ఫ్యాక్సు. అందలేదన్నారు. మళ్లీ పంపాను. పాతబడ్డాయి, కొత్తవి పంపమన్నారు. అయిదుసార్లు పంపానురా. ప్రతిసారీ ఫోనెత్తేది కొత్త మనిషి, మొదటినుంచీ చెప్పుకోవాలి. ఒక విభాగంవాడు మీ అర్జీ చూస్తున్నామంటాడు, ఇంకో విభాగంవాడు తలుపుకి వేలం నోటీసు అంటిస్తాడు. చివరికి ఒకమ్మాయి వచ్చింది. ఇల్లు పాడుచెయ్యకుండా తాళాలిస్తే 2,000 డాలర్లిస్తామంది. క్యాష్ ఫర్ కీస్. కిస్తు నెలకి 700 తగ్గించడానికి లేని డబ్బు, నన్ను పంపడానికి మాత్రం ఉంది!

బావమరిది: ఆ 2,000 పుచ్చుకోవాల్సింది.

బావ: ఆ కాగితం మీద ఏముందో తెలుసా? ఇల్లు శుభ్రంగా చీపురుతో ఊడ్చి ఇవ్వాలట. ఊడ్చి ఇమ్మన్నారు కదా, ఊడ్చే ఇచ్చాను.

ఈ మాట ఆయన పదిహేనేళ్లుగా చెబుతున్నారు, ఉగాది పార్టీల్లో దీనికి చప్పట్లు కూడా పడ్డాయి. అప్పులిచ్చిన వాళ్ల నిర్లక్ష్యం ఆయనొక్కడి కథా కాదు. చదవకుండానే అఫిడవిట్ల మీద వేల కొద్దీ సంతకాలు గీకించిన బాగోతం 2010లో బయటపడి, 2012లో అయిదు పెద్ద సంస్థలు 49 రాష్ట్రాలతో రాజీకొచ్చి 25 బిలియన్ డాలర్లకి ఒప్పుకున్నాయి. అందుకే ఆ చమత్కారం విన్నప్పుడల్లా ఆయన పక్షాన ఉండాలనిపిస్తుంది నాకు. బావమరిది తర్వాత చెప్పింది వినకపోయి ఉంటే అక్కడే ఉండిపోయేవాణ్ణి.

బావమరిది: పూజగది తలుపులు తీసుకెళ్లారు. సెక్షన్ ప్రకారం అదీ తప్పే, కానీ నేనడగను. తెనాలిలో మీ నాన్నగారు చేయించిన టేకు తలుపులు, ఇత్తడి గంటలు, బ్యాంకు ఏం చేసుకుంటుంది? ఫ్యాన్లడగను. స్టవ్వడగను. వాటర్ హీటరు ఎందుకు తీశారు బావా?

బావ: రెండేళ్లు కూడా కాలేదు అది కొని. క్రెయిగ్స్‌లిస్ట్‌లో 250 వచ్చింది.

బావమరిది: గరాజ్ గోడకి పట్టీలు వేలాడుతున్నాయి. భూకంపానికి పడిపోకుండా హీటరుకి పైనొకటి కిందొకటి వేస్తాం చూడండి, ఆ రేకు పట్టీలు. కత్తిరించేశారు. టార్చి వెలుగులో అవి రెండు చేతుల్లా చాచి కనపడ్డాయి. ఇల్లు ఎవరికి పోతుందో నాకప్పుడే తెలిసిపోయింది.

బావ: హీటరుని చూసి జాతకం చెప్పావా?

బావమరిది: అదే చెబుతున్నాను. మొట్టమొదట వచ్చిన ఆఫరు ఒక నర్సుది. మాంటెకాలో ఉద్యోగం, మొగుడు ట్రక్కు డ్రైవరు, ఇద్దరు పిల్లలు. ప్రభుత్వం పూచీపడే ఎఫ్‌హెచ్‌ఏ లోను, 3.5 శాతం చేతిసొమ్ము. అంతకన్నా లేదు వాళ్ల దగ్గర. ఆ లోనుకి అప్రైజరు వచ్చి ఇంటి ధర ఒక్కటే కట్టడు. నీళ్లొస్తున్నాయా, వేడినీళ్లొస్తున్నాయా, హీటింగు పనిచేస్తోందా, కరెంటుందా, మురుగు పోతోందా అని చూస్తాడు. లేకపోతే లోను లేదు. సరే, మా డబ్బుతో మేమే హీటరు పెట్టించుకుంటాం అన్నారు. ఇంకా మీది కాని ఇంట్లో పని చేయించడానికి వీల్లేదు, ఎవరికన్నా దెబ్బ తగిలితే మామీదికొస్తుంది అంది బ్యాంకు. పోనీ మీరు పెట్టండి అన్నారు. ఉన్నది ఉన్నట్టుగానే అమ్ముతాం అంది. హీటరు లేనిదే లోను రాదు, లోను రానిదే ఇల్లు రాదు, ఇల్లు తమది కానిదే హీటరు పెట్టకూడదు.

బావ: మరమ్మతుతో కలిపి ఇచ్చే లోనుంది కదా.

బావమరిది: 203కె. ఉంది. మరమ్మతుల అంచనాలు, తనిఖీలు, రెండు మూడు నెలలు. పక్కన ఇంకొకడు పది రోజుల్లో నగదిస్తానంటుంటే బ్యాంకు ఎవరికిస్తుంది? 2,60,000కి నగదు మనిషికి పోయింది. నర్సు ఆఫరు 2,75,000. ఎఫ్‌హెచ్‌ఏకి 90 రోజుల నిబంధన ఒకటుండేది, కొన్నవాడు వెంటనే తిరిగి అమ్మితే లోనివ్వమని. 2010 ఫిబ్రవరి నుంచి దాన్ని సడలించారు. అతను హీటరు, గొట్టాలు, ఏసీ వేయించి, గోడలకి రంగేసి, పదో వారంలో 3,10,000కి అమ్మాడు. కొన్నవాళ్లదీ ఎఫ్‌హెచ్‌ఏ లోనే. నర్సు కాదు. ఆవిడకి అప్పటికి అందలేదు. మీరు దెబ్బకొట్టింది బ్యాంకునని పదిహేనేళ్లుగా చప్పట్లు కొట్టించుకుంటున్నారు. బ్యాంకు అప్పటికే మీ ఇంటి మీద మూడు లక్షల పైన పోగొట్టుకుంది, మీ 250 దానికి తెలియను కూడా తెలియదు. అత్తమీద కోపం దుత్తమీద చూపించారు. ఆ దుత్త నర్సుది.

నాకిక్కడ మాట దొరకలేదు. ఊడదీసిన ఇల్లు ధర తగ్గుతుందని ఎవరైనా చెప్పగలరు. ధర తగ్గితే లేనివాడికి అందుతుందనే నేనూ అనుకునేవాణ్ణి. అందదు. చవకైన ఇల్లు నగదున్నవాడికే చవక. బావగారు మాత్రం తగ్గలేదు.

బావ: ఆ కథలో హీటరు పెట్టొద్దన్నదెవరు? బ్యాంకు. ఆరేడు వందల డాలర్ల వస్తువు, బిగించడానికి ఇంకో అయిదొందలు. అది పెట్టుంటే 15,000 ఎక్కువొచ్చేది, నర్సుకి ఇల్లొచ్చేది. నువ్వే చెప్పావు. మరి నన్నంటావేం? 2008లో సాక్రమెంటోలో చట్టం చేశారు, ఖాళీ ఇంటి బయట భాగం చూసుకోకపోతే రోజుకి 1,000 డాలర్ల దాకా జరిమానా. అప్పుడు ఏం చేశారో ఈ లోయలో చూడలేదా? ఎండిపోయిన గడ్డికి ఆకుపచ్చ రంగు కొట్టించారు! రంగురా, రంగు. పిచికారీ చేసుకుంటూ పోయారు. గడ్డికి రంగేయించడానికి మనిషి దొరికాడు, హీటరు బిగించడానికి దొరకలేదు.

బావమరిది: అది నిజమే. ఆ ఫైలు చూసే మనిషి ఇంకో రాష్ట్రంలో ఉంటాడు. మేం రెండు ధరలు రాసి పంపుతాం, ఉన్నదున్నట్టు అమ్మితే ఎంత, బాగుచేసి అమ్మితే ఎంత. మూడు వందల ఇళ్లు అతని బల్లమీద. నెలాఖరుకి ఎన్ని వదిలించుకున్నాడన్నదే లెక్క. కరెంటు బిల్లు, చెత్త తోలించడం, తాళాలు మార్పించడం, అన్నీ మా ఏజెంట్ల క్రెడిట్ కార్డుల మీదే నడిచేవి, ఎప్పుడో తిరిగిచ్చేవాళ్లు. హీటరు నా కార్డు మీద పెట్టించనా అని మావాడు అడిగాడు కూడా. అనుమతి లేదన్నారు.

బావ: చూశావా! తప్పంతా అక్కడుంటే—

బావమరిది: సగం అక్కడుంది. బ్యాంకు బుద్ధి అంతేనని మీకు అయిదు ఫ్యాక్సులప్పుడే తెలుసు. తెలిసీ హీటరు తీశారు.

బావ: అప్పుడు నాకు తర్వాత వచ్చేవాళ్లు కనపడలేదురా. ఎవరికీ కనపడరు. ఒహాయోలో, సిన్సినాటి దగ్గర ఒకాయన బ్యాంకుకి అప్పజెప్పే బదులు సొంత ఇంటిని బుల్డోజరుతో నేలమట్టం చేశాడు, 2010 ఫిబ్రవరిలో. టీవీలో చూశాను. మీ అక్క వద్దంటున్నా రెండుసార్లు చూశాను. ఆ వారమే మేం సామాను సర్దుకుంటున్నాం.

బావమరిది: ఒహాయోలోనే క్లీవ్‌లాండ్ ఉంది. అక్కడ స్లావిక్ విలేజ్ అని ఒక పేట. 2007లో ఒక మూడు నెలల కాలానికి ఈ దేశంలో కెల్లా ఎక్కువ ఫోర్‌క్లోజర్లు నమోదైన పిన్‌కోడ్ దానిది. ఖాళీ పడ్డ ఇళ్లలోంచి రాగి గొట్టాలు, గోడల మీది అల్యూమినియం రేకులు వరసగా ఊడబెరికారు. అక్కడ బాగుచేసే ఖర్చు ఇంటి ధర కన్నా ఎక్కువ, అందుకే చాలావాటిని చివరికి కూలగొట్టాల్సి వచ్చింది. మౌంటెన్ హౌస్‌కి బే ఏరియా ఉద్యోగాలు కొండకి అటుపక్కనే ఉన్నాయి కాబట్టి మీ ఇల్లు బతికింది. మీరు ఉంచినందుకు కాదు.

ఆ చివరి మాట అవసరం లేదనిపించింది నాకు. బావగారు రసీదులు ఒక్కొక్కటే ఏరి ఫైల్లో పెట్టుకున్నారు. లోపల్నుంచి వాళ్లావిడ గొంతు వినపడింది: “ఆ తువ్వాలు కొత్తది. రెండుసార్లు కూడా ఉతకలేదు.” ఎవరి పక్షాన మాట్లాడిందో ఇద్దరికీ తెలియలేదు.

ఇల్లు పోయాక వాళ్లు మూడేళ్లు ఫ్రీమాంట్‌లో రెండు గదుల అపార్ట్‌మెంటులో ఉన్నారు. పూజగది తలుపులు మంచం వెనక గోడకి ఆనించి ఉండేవట. మూడేళ్లు నిండితే ఎఫ్‌హెచ్‌ఏ లోను మళ్లీ ఇస్తారు. 2013లో ట్రేసీలో ఈ ఇల్లు కొన్నది ఆ లోనుతోనే. తలుపుల కొలత కుదరక గుమ్మాన్ని కోయించారు. ఇవన్నీ నాకు ఆవిడ చెప్పిందే.

బావ: అప్రైజరు హీటరు చూడ్డానికి గరాజ్‌లోకి వెళ్లాడు, 2013లో. పట్టీ ఒకటి వదులుగా ఉందన్నాడు. అమ్మేవాళ్లు బిగించేదాకా వారం ఆగాం.

బావమరిది: ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

బావ: నువ్వడగలేదు.

బావమరిది కాసేపు కాగితాలు సర్దాడు. మినహాయింపుల గడిలో పూజగది తలుపులు అని రాసి, గుమ్మానికి మామూలు తలుపులు బిగించి ఇస్తాం అని పక్కన చేర్చాడు. ఇంకో కాగితం తీసి బల్లమీద అటు తిప్పి జరిపాడు.

బావమరిది: ఇది వాటర్ హీటరు ధ్రువీకరణ. ఇక్కడ అమ్మేవాళ్లు చట్టం ప్రకారం రాసివ్వాలి, పట్టీలు సరిగ్గా బిగించి ఉన్నాయని. సంతకం ఇక్కడ.

బావగారు కలం తీసుకున్నారు. మూత తీశారు. మళ్లీ పెట్టేశారు.

బావ: టార్చిలైటు ఎక్కడుందే?

లోపల్నుంచి ఆవిడ చెప్పింది. ఆయన గరాజ్‌లోకి వెళ్లారు. తలుపు తెరిచే ఉంది. రేకుని చేత్తో కొట్టిన చప్పుడు రెండుసార్లు వినిపించింది, పైనొకసారి, కిందొకసారి.